చీటీకీ చేతికీ నడుమ: కొత్తగా పనిలో చేరే ఫార్మసిస్టులకు

మందుల చీటీ కౌంటరు మీదికి వచ్చిన క్షణానికీ, ఆ మందు రోగి చేతికి అందే క్షణానికీ నడుమ చాలాసార్లు పది నిమిషాలు కూడా గడవవు. ఆ కాసేపట్లో బయటివారికి కనిపించేది అలమారులో పెట్టె వెతకడం, మాత్రలు లెక్కపెట్టడం, కవరు మీద నాలుగు ముక్కలు రాయడం, అంతే. "మందులు తీసివ్వడానికి అన్నేళ్ళ చదువెందుకు?" అన్న మాట ఈ వృత్తిలో ఉన్నవారెవరైనా ఏదో ఒక రోజు వినే ఉంటారు. చీటీ చదివాక, పెట్టె మీద చెయ్యి వేసే ముందు ఒక్క క్షణం ఆగి, "ఈ మందు ఈ మనిషికి, ఈ జబ్బుకు, ఈ మోతాదులో సరైనదేనా?" అని తనను తాను అడగగలగడానికే ఆ చదువంతా అని నేను అనుకుంటాను. చదువు ముగించుకుని పనిలో చేరబోతున్నవారు ఆ ఆగడాన్ని అలవాటుగా ఎలా మార్చుకోవచ్చో నాకు తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను.

చదువులో చివరిదాకా వెంట వచ్చేది

ఫార్మసీ చదువు నిడివి దేశాన్ని బట్టి మారుతుంది. నాలుగేళ్ళ డిగ్రీ సరిపోయే చోట్లున్నాయి, ఆరేళ్ళ ఫార్మ్‌డీ ఉన్న చోట్లూ ఉన్నాయి. చదువు తరవాత అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కొంతకాలం శిక్షణ, ఆపైన వృత్తి మండలిలో నమోదు, నమోదు నిలుపుకోవడానికి పనిలో ఉంటూనే కొనసాగించే అధ్యయనం అనే క్రమం మాత్రం చాలా దేశాల్లో కనిపిస్తుంది. పాఠ్యాంశాల్లో, మందులు శరీరంలో ఎలా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీ ఉపయోగం గురించి ఎవరికీ అనుమానం ఉండదు. ఫార్మాస్యూటిక్స్‌ను, అంటే మాత్ర, సిరప్, ఇంజెక్షన్ వంటి రూపాలు ఎలా తయారవుతాయో, ఎలా కరుగుతాయో చెప్పే పాఠాన్ని, చాలామంది పరీక్ష గట్టెక్కడానికి చదివి వదిలేస్తారు. కౌంటరు దగ్గర ఎక్కువగా అక్కరకొచ్చింది అదేనని తరవాత తెలుస్తుంది. ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునే పెద్దాయన కోసం ఇంటివాళ్ళు మాత్రలన్నీ నూరి పోస్తున్నామని చెప్పినప్పుడు, వాటిలో ఏదైనా పన్నెండు గంటల పాటు నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర ఉందా అని వెంటనే చూడాలి. అటువంటి మాత్రను నూరితే ఆ పన్నెండు గంటల మందూ ఒక్కసారిగా రక్తంలోకి చేరుతుంది. కడుపులోని ఆమ్లానికి కరగకుండా పేగులో కరిగేలా పూత పెట్టిన మాత్రను నూరితే, ఆ పూత ఏ ప్రయోజనం కోసం పెట్టారో అది నెరవేరదు.

మందుల పేర్లు వేలకొద్దీ ఉంటాయి కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా బట్టీ పట్టడం వృథా ప్రయాస. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953లో మొదటి జాబితా ప్రచురించిన అంతర్జాతీయ జెనెరిక్ పేర్ల విధానంలో ఒకే కుటుంబానికి చెందిన మందులకు ఒకే తోక ఉంటుంది. "ప్రిల్" అని ముగిసేవి రక్తపోటుకూ గుండె బలహీనతకూ వాడే ఏసీఈ నిరోధకాలు, "సార్టాన్"తో ముగిసేవి వాటి దాయాదులు, "స్టాటిన్" కొలెస్ట్రాల్‌కు, "ఒలాల్" గుండె వేగాన్నీ రక్తపోటునూ తగ్గించే బీటా బ్లాకర్లకు, "ప్రజోల్" కడుపులో ఆమ్లం తగ్గించే మందులకు గుర్తు. "కొనజోల్" అయితే ఫంగస్‌కు, "నిడజోల్" అయితే అమీబా వంటి పరాన్నజీవులకూ గాలి లేని చోట పెరిగే బ్యాక్టీరియాకూ వాడేది. తోకను పట్టుకుంటే ఎన్నడూ చూడని మందు వచ్చినా అది ఏ కోవలోదో, దాని దుష్ప్రభావాలు ఏ దిక్కున వెతకాలో సగం తెలిసిపోతుంది. బ్రాండు పేర్లు అలమారు నేర్పుతుంది, వాటి కోసం కంగారు పడనక్కరలేదు.

లెక్కల సంగతి వేరు, అవి ఎవరికి వారు నేర్చుకోవలసినవే. ఒక శాతం ద్రావణమంటే 100 మిల్లీలీటర్లలో ఒక గ్రాము, అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. "వెయ్యికి ఒకటి" అని రాసిన ఎడ్రినలిన్‌లో మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము, "పదివేలకు ఒకటి" అని రాసినదానిలో 0.1 మిల్లీగ్రాము ఉంటుంది. ఈ రెండూ నిద్రలో అడిగినా చెప్పేలా ఉండాలి. క్యాలిక్యులేటర్ వాడటం తప్పు కాదు గాని, దాన్ని ముట్టుకునే ముందు జవాబు సుమారుగా ఎంత రావాలో మనసులో అనుకోవడం మంచి అలవాటు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే యంత్రానికి ఏ బెరుకూ ఉండదు, అనుకున్న అంకె మనసులో ఉన్నవారికి ఉంటుంది.

చీటీని చదవడం

చీటీలో మొదట చూడవలసింది మందు పేరు కాదు. రోగి పేరు, వయసు, తేదీ, రాసినవారి సంతకం చూసి, ఆ తరవాత మందుల దగ్గరకు రావాలి. పిల్లల చీటీ అయితే బరువు రాసి ఉందో లేదో చూసి, లేకపోతే తెచ్చినవారిని అడగాలి. ఈ వరుస అనవసరమైన లాంఛనంలా అనిపించవచ్చు, కానీ మందు పేరు కంటపడగానే చెయ్యి దానంతటదే అలమారు వైపు వెళ్ళడం ఈ పనిలో సహజం. వరుస పాటిస్తే ఆ చెయ్యికి కళ్ళెం పడుతుంది.

చేతిరాతలో కొన్ని గుర్తులు పాత పాపాల్లా ప్రతి తరాన్నీ వెంటాడుతుంటాయి. ఇన్సులిన్ 10 యూనిట్లు అని రాయవలసిన చోట అంకె పక్కన "యూ" అన్న ఒక్క ఇంగ్లిష్ అక్షరం గీస్తే అది సున్నాలా కనిపించి 100గా చదివే ప్రమాదం ఉంది. 5.0 అని రాస్తే బిందువు మాసిపోయి 50 అవుతుంది. అర మిల్లీగ్రామును ముందు సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. అందుచేత పూర్ణాంకం తరవాత బిందువూ సున్నా రాయకూడదు, దశాంశానికి ముందు సున్నా మానకూడదు. మైక్రోగ్రాముకు వాడే గ్రీకు అక్షరాన్ని "ఎం"గా చదివితే మోతాదు వెయ్యి రెట్లు మారిపోతుంది. థైరాయిడ్‌కు వాడే లెవోథైరాక్సిన్, గుండెకు వాడే డిగాక్సిన్ మైక్రోగ్రాముల్లో ఉండే మందులు కాబట్టి అక్కడ రెండుసార్లు చూడాలి. "ఓడీ" అన్న రెండక్షరాలు కొందరు రోజుకొకసారి అన్న అర్థంలో రాస్తారు, కంటి వైద్యులు కుడి కన్ను అన్న అర్థంలో రాస్తారు. కంటి చుక్కల చీటీలో అది ఏ అర్థంలో వచ్చిందో ఊహించి తేల్చడానికి ఎవరికీ హక్కు లేదు, రాసినవారినే అడగాలి.

మెథోట్రెక్సేట్ గురించి విడిగా చెప్పాలి. కీళ్ళవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోయిన సందర్భాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. ఆ చీటీ వచ్చినప్పుడు "వారానికొకసారి" అన్న మాట ఉంటే చాలదు, వారంలో ఏ రోజో కూడా ఉండాలి. లేబులు మీద "ప్రతి సోమవారం మాత్రమే, మిగతా రోజుల్లో వద్దు" అని రాసి, ఆ రోజు పేరు రోగి నోట పలికించాలి. ఆ మందుతో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా తరచుగా రాస్తారు. రెండూ చిన్న పసుపు మాత్రలే కావచ్చు గనుక ఏది ఏ రోజుదో విడదీసి చూపించాలి.

పేర్ల పోలిక మీద నాకు గట్టి పాఠం నేర్పిన సంఘటన శిక్షణ కాలంలో జరిగింది. చీటీలో హైడ్రాక్సిజిన్ 25 మిల్లీగ్రాములు అని ఉంది, నేను హైడ్రాలజిన్ 25 మిల్లీగ్రాముల పెట్టె తీశాను. రెండూ అలమారులో పక్కపక్కనే ఉండేవి, అంకె కూడా ఒకటే. నాకు పని నేర్పుతున్న పెద్దావిడ పెట్టెను చూసి నన్ను తిట్టలేదు. కౌంటరు అవతల నిలబడ్డామెను చూపిస్తూ, "ఆవిడకు బీపీ ఉందా?" అని మాత్రం అడిగారు. అప్పటిదాకా నేను ఆమెను చూడనేలేదు. చూస్తే, ఆమె మోచేతుల నుంచి మణికట్టు దాకా గోకుతూ నిలబడి ఉంది. హైడ్రాక్సిజిన్ దురదకు, హైడ్రాలజిన్ రక్తపోటుకు. ఆ సాయంత్రమే ఆ రెండు పెట్టెలనూ వేర్వేరు అరల్లోకి మార్చి, పేర్లలో తేడాగా ఉన్న అక్షరాలు పెద్దవిగా కనబడేలా అర అంచున చీటీలు అంటించాము. పేరు ఒకసారి తప్పు చదివినవాడు రెండోసారి కూడా తప్పే చదువుతాడు. మనిషిని చూసి, "ఈ మందు మీకు దేనికోసం రాశారండీ?" అని అడిగితే ఆ తప్పు అప్పుడే బయటపడుతుంది.

మోతాదు, మూత్రపిండాలు, మిగతా మందులు

చీటీ సరిగ్గా చదవడం ఒక ఎత్తు, అందులో రాసింది ఈ మనిషికి తగినదేనా అని తూచడం ఇంకో ఎత్తు. రెండేళ్ళ పాప, బరువు 12 కిలోలు, జ్వరానికి పారాసిటమాల్ సిరప్ అనుకుందాం. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక మోతాదు 180 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే అది 7.5 మిల్లీలీటర్లు. అదే మందు 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే సిరప్‌గా కూడా దొరుకుతుంది, అందులో 180 మిల్లీగ్రాములంటే 3.6 మిల్లీలీటర్లే. ఇంట్లో ఇదివరకు మొదటి సీసా వాడిన తల్లి చేతిలో ఈసారి రెండో సీసా పెట్టి ఏమీ చెప్పకుండా పంపితే, ఆమె అలవాటుగా 7.5 మిల్లీలీటర్లు పోస్తుంది. అంటే 375 మిల్లీగ్రాములు, కావలసినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. అక్కడ తల్లి తప్పు లేదు, సీసా మారిందని చెప్పని మనదే తప్పు. ఇంటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత కాబట్టి, మందుతో పాటు నోటి సిరంజి ఇచ్చి, 3.6 దగ్గర పెన్నుతో గీత గీసి చూపిస్తే ఆ ఇంట్లో మందు ఎవరు పోసినా మోతాదు మారదు.

వృద్ధుల విషయంలో మొదట తలచుకోవలసింది మూత్రపిండాలు. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అన్న ఇద్దరు మూత్రపిండాలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో అంచనా వేయడానికి 1976లో ప్రచురించిన సూత్రం ఇప్పటికీ మోతాదులు సరిచూడటానికి వాడుకలో ఉంది. 140 నుంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, దాన్ని 72తోనూ, రక్తంలో ఉండి మూత్రపిండాలు వడపోసే వ్యర్థమైన క్రియాటినిన్‌తోనూ భాగించాలి, స్త్రీలకైతే వచ్చినదాన్ని 0.85తో హెచ్చించాలి. ఎనభై ఏళ్ళ, 50 కిలోల స్త్రీకి క్రియాటినిన్ డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. ల్యాబు కాగితం మీద ఆ అంకె చూస్తే కంగారు పడవలసిందేమీ కనబడదు. లెక్క వేస్తే 60ని 50తో హెచ్చించగా 3000, దాన్ని 86.4తో భాగిస్తే సుమారు 34.7, 0.85తో హెచ్చిస్తే నిమిషానికి 29.5 మిల్లీలీటర్లు. మూత్రపిండాల ద్వారా బయటికి పోవలసిన మందులు చాలావాటికి ఈ స్థాయిలో మోతాదు తగ్గించాలి, కొన్ని అసలే ఇవ్వకూడదు. కాగితం మీది అంకెకూ ఆవిడ శరీరంలో జరుగుతున్నదానికీ ఉన్న ఈ దూరాన్ని రోజుకు ఒక్కసారైనా లెక్క వేసి చూసినవారు ఆ తరవాత "క్రియాటినిన్ నార్మలే" అన్న మాటతో తృప్తి పడరు.

మందుకూ మందుకూ పొసగని జతలు పుస్తకాల నిండా ఉన్నాయి, కంప్యూటర్లు ప్రతి చీటీకీ పది హెచ్చరికలు చూపిస్తాయి. అన్నిటికీ ఉలిక్కిపడితే చివరకు దేనికీ ఉలిక్కిపడని స్థితి వస్తుంది. అందుకని నిజంగా ప్రాణం మీదికి తెచ్చే జతలు ఒక ముప్పై కంఠతా పట్టడం మేలని నా అభిప్రాయం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి మెట్రోనిడజోల్ కలిస్తే రక్తస్రావం, సింవాస్టాటిన్‌కు క్లారిత్రోమైసిన్ అన్న యాంటీబయాటిక్ తోడైతే కండరాలు కరగడం, ఏసీఈ నిరోధకంతో పాటు స్పైరనోలాక్టోన్ వేసుకుంటున్నవారికి ట్రైమెథోప్రిమ్ ఇస్తే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగడం ఆ ముప్పైలోకి వస్తాయి. ఎలర్జీల గురించి "ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే "లేవు" అన్న జవాబే వస్తుంది. "ఏ మందు వల్లనైనా ఎప్పుడైనా ఒళ్ళు దద్దుర్లు లేవడం, మొహం వాచడం, ఊపిరాడకపోవడం జరిగిందా?" అని అడగాలి. పెన్సిలిన్ పడదన్న మనిషికి, పెన్సిలిన్ కుటుంబానికే చెందిన అమాక్సిసిలిన్, క్లావులనిక్ యాసిడ్ కలిసిన మాత్ర రాసి ఉంటే, బ్రాండు పేరులో పెన్సిలిన్ జాడ ఉండదు గనుక ఆ ముసుగు తొలగించవలసింది మనమే.

తేడా కనిపించినప్పుడు వైద్యుడికి ఫోను చేయడం కొత్తవారికి పెద్ద గండం. నసుగుతూ మొదలుపెట్టి క్షమాపణలతో ముగించేవారు చాలామంది. రోగి ఎవరు, సమస్య ఏమిటి, మీరు సూచించే మార్గం ఏమిటి అన్న మూడూ చీటీ వెనక రాసుకుని మరీ ఫోను చేయాలి. "నమస్కారం డాక్టరు గారూ, ఫార్మసీ నుంచి మాట్లాడుతున్నాను. ఉదయం మీరు చూసిన 68 ఏళ్ళ ఆయనకు క్లారిత్రోమైసిన్ రాశారండీ. ఆయన రాత్రిపూట సింవాస్టాటిన్ వేసుకుంటున్నారు, రెండూ కలిస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. యాంటీబయాటిక్ మారుస్తారా, లేక ఈ కోర్సు అయ్యేదాకా సింవాస్టాటిన్ ఆపమని చెప్పమంటారా?" అని అడిగితే అర నిమిషంలో తేలిపోతుంది. వచ్చిన జవాబును తిరిగి చదివి వినిపించి, తేదీ, సమయం వేసి చీటీ మీద రాసుకోవాలి. ఒకవేళ అవతలివారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, విసుగు వల్ల ఎవరి కండరాలూ కరగవు. ఎంత చెప్పినా ప్రమాదం తొలగకపోతే మందు ఇవ్వకుండా ఆపే బాధ్యత కూడా ఫార్మసిస్టుదే.

చేతి పని

పెట్టె మీది పేరు, బలం, గడువు మూడుసార్లు చదవాలి. అలమారులోంచి తీసేటప్పుడు ఒకసారి, మాత్రలు లెక్కపెట్టేటప్పుడు ఒకసారి, మిగిలింది తిరిగి పెట్టేటప్పుడు మరోసారి. గడువు నెల, సంవత్సరం మాత్రమే ముద్రించి ఉంటే ఆ నెల చివరి రోజు దాకా అని అర్థం. ముందుగా గడువు తీరేవి ముందు వరుసలో ఉంచాలి. విడి మాత్రలను వేళ్ళతో ముట్టకుండా ట్రేలో గరిటెతో అయిదేసి చొప్పున జరుపుతూ లెక్కించాలి. పెన్సిలిన్, సల్ఫా మాత్రలు లెక్కపెట్టాక ట్రేను తుడవకుండా మరో మందు పోయకూడదు, ఎందుకంటే అంటుకున్న పొడి చాలు, పడనివారికి దద్దుర్లు తేవడానికి. మెథోట్రెక్సేట్ వంటి కణాలను చంపే మందులకు ట్రే, చేతి తొడుగులు వేరుగా ఉండాలి.

పొడిగా వచ్చే యాంటీబయాటిక్ సిరప్‌ను కలిపి ఇచ్చేటప్పుడు, ముందుగా సీసాను అరచేతికి తట్టి అడుగున గట్టిపడిన పొడిని వదులు చేయాలి. కాచి చల్లార్చిన నీటిని లేక శుద్ధజలాన్ని ఒక్కసారిగా పోయకుండా, మొదట కొంత పోసి బాగా కుదిపి, నురుగు అణిగిన తరవాత మిగతాది గీత దాకా పోయాలి. నురుగు మీదే గీత చూసుకుంటే నీరు తక్కువై మందు చిక్కబడుతుంది, ప్రతి మోతాదూ ఎక్కువవుతుంది. కలిపిన తేదీ, పారవేయవలసిన తేదీ సీసా మీద రాయాలి. ఈ గడువు తయారీదారును బట్టి సాధారణంగా 7 నుంచి 14 రోజులు ఉంటుంది. కోర్సు అయ్యాక మిగిలింది దాచుకుని మరోసారి వాడవద్దని కూడా అప్పుడే చెప్పాలి.

లేబులు మీద "రోజుకు మూడుసార్లు" అని రాయడం కన్నా "ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి" అని రాయడం మంచిది. మార్గం కూడా రాయాలి. మలద్వారంలో పెట్టవలసిన మందును మింగినవారూ, చెవి చుక్కలు కంట్లో వేసుకున్నవారూ ఉన్నారు. వారిని చూసి నవ్వుకునే ముందు, ఆ సీసా మీద మనమేం రాశామో చూసుకోవాలి.

నిల్వ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో తెలివికన్నా క్రమశిక్షణే ముఖ్యం. ఇన్సులిన్, వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు, ఫ్రిజ్ తలుపు అరల్లో పెట్టకూడదు. ఉష్ణోగ్రత రోజుకు రెండుసార్లు చూసి రాయాలి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే గ్లిసరైల్ ట్రైనైట్రేట్ మాత్రలను వాటి గాజు సీసాలోంచి తీసి ప్లాస్టిక్ డబ్బాల్లో పోయకూడదు, మందు ఆవిరై డబ్బాకు పట్టేస్తుంది. మార్ఫిన్ వంటివి తాళంలో ఉండాలి. వాటి రిజిస్టరులో కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉండకూడదు. తప్పు రాస్తే పక్కన వివరణ రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి.

మాట

మందు చేతికిచ్చేటప్పుడు అన్నీ చెప్పాలని చూస్తే ఏదీ గుర్తుండదు. ఒక్కో మందుకు రెండు మూడు సంగతులే ఎంచుకోవాలి. లెవోథైరాక్సిన్ అయితే పరగడుపున వేసుకోవాలి, ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఎముకలు గుల్లబారకుండా వాడే అలెండ్రోనేట్ అయితే నిండు గ్లాసు నీళ్ళతో మింగి అరగంట పాటు పడుకోకూడదు. డాక్సీసైక్లిన్‌కూ పుష్కలంగా నీళ్ళు తాగాలి, వెంటనే నడుం వాల్చకూడదు, లేకపోతే మాత్ర అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది. చివర్లో "అర్థమైందా?" అని అడగడం వృథా, అందరూ తలూపుతారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్ళాక ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండి" అని అడిగితే, తలూపినవారిలో ఎందరికి మధ్యాహ్నం మాత్ర సంగతి చేరలేదో తెలుస్తుంది.

ఇన్హేలర్‌కు మాటలు చాలవు. మందు లేని నమూనా పరికరం ఒకటి కౌంటరు కింద ఉంచుకోవాలి. కుదపడం, ఊపిరి బయటికి వదలడం, పెదవులు బిగించడం, నెమ్మదిగా లోపలికి పీల్చడం మొదలుపెట్టి అప్పుడు నొక్కడం, పది సెకన్లు బిగబట్టడం మనం చేసి చూపించి, తరవాత రోగి పరికరంతో రోగినే చేయమనాలి. ఏళ్ళ తరబడి వాడుతున్నవారిలో కూడా ఊపిరి బయటికి వదులుతూ నొక్కేవారు కనిపిస్తారు. అటువంటివారికి మందు పనిచేయడం లేదని మోతాదు పెంచడం కన్నా అయిదు నిమిషాల అభ్యాసం ఎక్కువ మేలు చేస్తుంది. స్టెరాయిడ్ ఇన్హేలర్ అయితే వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించమని చెప్పకపోతే నోట్లో తెల్లపూత వచ్చి, మందే మానేస్తారు.

చీటీ లేకుండా "దగ్గుకేదైనా ఇవ్వండి" అని వచ్చేవారితో మాట ఇంకా జాగ్రత్తగా సాగాలి. మందు ఎవరికి, లక్షణాలేమిటి, ఎన్నాళ్ళుగా, ఇప్పటిదాకా ఏం వాడారు, ఇంకేం మందులు వాడుతున్నారు అన్న అయిదు ప్రశ్నలు అడగకుండా చెయ్యి అలమారు వైపు వెళ్ళకూడదు. మూడు నెలలు నిండని పసికందుకు 38 డిగ్రీల జ్వరం, రక్తంతో లేక బరువు తగ్గడంతో కూడిన దగ్గు, నల్లటి విరేచనం, ఉన్నట్టుండి పిడుగులా వచ్చిన తలనొప్పి వంటివి విన్నప్పుడు మన పని అమ్మడం కాదు, వెంటనే వైద్యుడి దగ్గరకు పంపడం. చీటీ లేని యాంటీబయాటిక్‌ను నిరాకరించినప్పుడు ఉత్త "ఇవ్వం" అనకుండా, జలుబు వైరస్ వల్ల వస్తుంది కాబట్టి ఆ మందు దాని మీద పనిచేయదని చెప్పి, ఇబ్బంది తగ్గించడానికి ఏం చేయవచ్చో, ఎన్ని రోజుల్లో తగ్గకపోతే వైద్యుణ్ణి కలవాలో చెప్పి పంపాలి. కొందరు కోపంగానే వెళతారు, వారిలో కొందరు మళ్ళీ మన దగ్గరికే వస్తారు.

తప్పు జరిగినప్పుడు

ఎంత ఆగి చూసినా కొన్ని తప్పులు జరుగుతాయి. రోగి వెళ్ళిన తరవాత తప్పు మందు ఇచ్చామని తెలిస్తే మొదటి పని రోగిని చేరుకోవడం, మందు వేసుకున్నారా అని అడగడం, వేసుకుని ఉంటే ఏం చేయాలో చెప్పి రాసిన వైద్యుడికి తెలియజేయడం. ఎవరి వల్ల జరిగిందన్న విచారణ తరవాత చేసుకోవచ్చు. రోగి చేతికి చేరకముందే పట్టుకున్న తప్పులకు ఒక నోటుపుస్తకం పెట్టుకోవడం ఇంకా ఉపయోగకరం. అందులో పేర్లు రాయనక్కరలేదు. ఏ మందు బదులు ఏది తీశాం, ఎన్ని గంటలకు, ఆ సమయంలో ఫోను మోగుతోందా, ఒక్కరే ఉన్నామా అన్నవి రాస్తే చాలు. మూడు నెలల పుటలు తిరగేస్తే తప్పులు మనుషుల చుట్టూ కాక కొన్ని అరల చుట్టూ, కొన్ని వేళల చుట్టూ మూగి ఉండటం కనిపిస్తుంది, అరను సర్దవచ్చు, ఆ వేళకు మరొక మనిషిని పెట్టవచ్చు. ఆసుపత్రుల్లో గాఢమైన పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్ళను వార్డుల్లోంచి తీసేయడం, సిరలోకే ఎక్కించవలసిన క్యాన్సర్ మందు విన్‌క్రిస్టిన్ పొరపాటున వెన్నులోకి వెళ్ళకుండా దాన్ని సిరంజిలో కాక చిన్న సంచిలో కలిపి పంపడం ఇటువంటి ఆలోచన నుంచి వచ్చిన పద్ధతులే. జాగ్రత్తగా ఉండమని గోడ మీద రాసే కన్నా, తప్పు చేయడానికే వీల్లేకుండా చేయడం ఎక్కువ కాలం నిలుస్తుంది.

పని దిగేటప్పుడు మూడు పనులు ముగించాలి. తాళంలోని మందులను లెక్కపెట్టి రిజిస్టరులోని నిల్వతో సరిచూడాలి, ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాయాలి, ఆ రోజు తెగని విషయాలను తరవాత వచ్చేవారికి కాగితం మీద అప్పగించాలి. నోటిమాటగా చెబితే సగం దారిలోనే పోతుంది. "సాయంత్రం 6 గంటలకు వచ్చిన చీటీ, వార్ఫరిన్ వాడుతున్న ఆయన, మెట్రోనిడజోల్ రాసి ఉంది, డాక్టరు గారు ఫోనుకు దొరకలేదు, మందు ఆపి ఉంచాను, ఆయన రేపు ఉదయం 9 గంటలకు వస్తారు, ఆలోగా మళ్ళీ ఫోను చేయాలి" అని రాసి, ఆ కాగితాన్ని కవరుకు పిన్ను చేసి, తయారైన మందుల బుట్టలో కాక విడిగా పెట్టి వెళ్ళాలి.